పడ్డవాణ్ణి కొట్టాడా, లేదా? 1810ల ఐర్లండ్ పత్రికల్లో ఆట, పరువు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిచేయండి. 1814 సెప్టెంబరులో ఐర్లండ్‌లోని కర్రా మైదానంలో డబ్లిన్ వడ్రంగి డాన్ డోనెల్లీకి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన టామ్ హాల్‌కు జరిగిన ముష్టియుద్ధం గురించి మీరు రెండు రకాల కథనాలు చదివారు. ఒకటి డోనెల్లీ గెలిచాడంటుంది, రెండోది అతను తొండి చేశాడంటుంది. ఆ కాలపు పత్రికల్లోనే పిస్తోళ్లతో జరిగిన ద్వంద్వ యుద్ధాల వార్తలు, గుర్రప్పందేల ప్రకటనలు చూస్తే వాటిలోనూ 'ఆనర్', 'ఫెయిర్' అన్న మాటలే కనిపించాయి. ఆ రోజుల్లో ఆటల్లో నిజంగా అంత నిజాయితీ ఉండేదా, లేక ఇదంతా విలేకరుల అలంకారమా అని అడిగారు.

అలంకారం కాదు. అలాగని అందరూ ధర్మరాజులూ కారు. ఆ రెండు మాటలూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కు వస్తోంది. ఈ కాలపు ఐరిష్ పత్రికలను చాలా ఏళ్లుగా చదువుతున్నాను. మొదట్లో నేనూ రెండింటినీ కలిపేసి 'గౌరవం' అని రాసుకునేవాణ్ణి. చదవగా చదవగా తేడా తెలిసింది. 'ఆనర్' అనేది ఒక వర్గం సొత్తు. పొలం ఉన్నట్టే పరువూ ఉంటుంది, తండ్రి నుంచి వస్తుంది, పరాయివాడి ఒక్క మాటతో పోతుంది. 'ఫెయిర్' అలాంటిది కాదు. అది పక్కన నిలబడ్డవాడు కళ్లతో చూసి చెప్పగలిగే సంగతి. అడుగులు సరిగా కొలిచారా, ఇద్దరికీ సమానమైన ఆయుధం దక్కిందా, ఎదుటివాడు సిద్ధం కాకముందే కాల్చారా, కింద పడ్డవాణ్ణి కొట్టారా? వీధిలో ఆడుకునే మన పిల్లలు 'తొండి!' అని అరుస్తారే, దానికి సరిగ్గా ఎదురు మాట అది. ఈ రెండో మాటకు సాక్ష్యం చెప్పడం పత్రికలు తమ పనిగా పెట్టుకున్నాయి. ఒక్కోసారి మనిషి ఉరి తప్పించుకోవడమూ, ఉరికంబం ఎక్కడమూ ఆ ఒక్క మాట మీదే ఆధారపడేది.

ఇది అతిశయోక్తి అనిపిస్తే 1808లో జరిగిన రెండు విచారణలను పక్కపక్కన పెట్టి చూడండి. నాకు ఈ కాలాన్ని అర్థం చేయించినవి అవే.

మొదటిది వెక్స్‌ఫర్డ్‌లో. 1807 ఎన్నికల్లో విలియం ఆల్కాక్, జాన్ కొల్‌క్లా (ఆ ఊళ్లో ఈ పేరును 'కోక్లీ' అని పలుకుతారు) ప్రత్యర్థులు. ఒక జమీందారిణి కౌలుదార్ల ఓట్లు ఎవరివన్న దాని మీద మాటా మాటా పెరిగింది. మే 30న ఇద్దరూ పిస్తోళ్లు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. చూడటానికి జనం తరలివచ్చారు, వారిలో మేజిస్ట్రేట్లూ ఉన్నారు. ఆల్కాక్‌కు చూపు తక్కువ. అతను కళ్లజోడు పెట్టుకోవచ్చా, అది ఎదుటివాడికి అన్యాయం కాదా అని అక్కడే వాదన జరిగింది. చివరికి పెట్టుకోనిచ్చారు. అతని గుండు తగిలి కొల్‌క్లా అక్కడికక్కడే చనిపోయాడు. చట్టం ప్రకారం అది హత్య. 1808 మార్చిలో విచారణ జరిగితే జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. అన్నీ అందరి ముందూ జరిగాయి కాబట్టి. ఆ తర్వాత ఆల్కాక్‌కు మతి చలించిందన్నది వేరే విషాదం.

రెండోది అర్మాలో. న్యూరీ పట్టణంలోని సైనిక శిబిరంలో 1807 జూన్ 23న మేజర్ అలెగ్జాండర్ క్యాంప్‌బెల్‌కు, కెప్టెన్ బాయ్డ్‌కు భోజనాల బల్ల దగ్గర తగువు వచ్చింది. కవాతులో ఒక ఆజ్ఞను ఏ విధంగా ఇవ్వాలి అన్నంత చిన్న విషయం మీద. క్యాంప్‌బెల్ ఇంటికి వెళ్లి, తిరిగి వచ్చి, బాయ్డ్‌ను పిలిపించి, రాత్రివేళ ఒక చిన్న గదిలో, పక్కన స్నేహితులెవరూ లేకుండా కాల్పులు జరిపాడు. బాయ్డ్ నేలకొరిగాక క్యాంప్‌బెల్ అడిగిన ప్రశ్న ఒక్కటే: అంతా న్యాయంగానే జరిగిందని వీళ్ల ముందు చెప్పు. బాయ్డ్ ఒప్పుకోలేదు. నువ్వు నన్ను తొందరపెట్టావు, స్నేహితులు వచ్చేదాకా ఆగమన్నాను కదా అన్నాడు. ఆ మాటే క్యాంప్‌బెల్ మెడకు చుట్టుకుంది. పారిపోయి కొన్ని నెలలు మారుపేరుతో ఇంగ్లండ్‌లో బతికాడు, తర్వాత తనే లొంగిపోయాడు. మంచివాడని చెప్పడానికి పై అధికారులు వచ్చారు, జ్యూరీ కూడా దయ చూపమని కోరింది. అయినా 1808 ఆగస్టు 24న ఉరి తీశారు.

ఆల్కాక్ విడుదలకూ ఈ ఉరికీ మధ్య ఆరు నెలలు కూడా లేవు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ మనిషిని చంపినవాళ్లే. ఇద్దరికీ 'ఆనర్' ఉంది. తేడా అంతా 'ఫెయిర్' దగ్గరే వచ్చింది. సాక్షులు లేని చోట న్యాయం ఉండదని ఆ సమాజం నమ్మింది. అందుకే అప్పటి పత్రికల్లో ద్వంద్వ యుద్ధం వార్త ఎంత చిన్నదైనా పక్కన ఎవరెవరు నిలబడ్డారో వదలకుండా రాస్తారు. పాల్గొన్నవాళ్ల పేర్లను మొదటి అక్షరం, చివరి అక్షరం వేసి మధ్యలో గీతతో కప్పిపుచ్చిన వార్తల్లో కూడా 'ఇద్దరు మిత్రులు వెంట ఉండగా' అన్న మాట తప్పక ఉంటుంది. అది ఊరికే రాసిన మాట కాదు, చట్టానికి సమాధానం.

ఈ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయని మీరు తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతాను. 1777లో క్లాన్‌మెల్ పట్టణంలో వేసవి కోర్టులు జరుగుతున్నప్పుడు టిప్పరెరీ, గాల్వే, మేయో, స్లైగో, రాస్‌కామన్ కౌంటీల పెద్దమనుషులు కూర్చుని ద్వంద్వ యుద్ధానికి రాతపూర్వకంగా నియమావళి తయారుచేశారు. జోనా బారింగ్టన్ అనే ఐరిష్ న్యాయమూర్తి 1827లో తన జ్ఞాపకాల్లో అచ్చు వేయడం వల్ల అది మనకు దక్కింది. మీ అంశానికి నేరుగా సంబంధించిన నియమం అందులో ఒకటుంది. పేకాటలో గానీ గుర్రప్పందెంలో గానీ ఒక మనిషి మోసం చేశాడని అనడం, అతన్ని చేత్తో కొట్టినంత అవమానంతో సమానం. ఆ మాట అబద్ధమని ఒప్పుకుని బహిరంగంగా క్షమాపణ అడిగితే, ఒక్క విడత కాల్పులయ్యాక రాజీ పడవచ్చు. ఒక్క విడతైనా కాల్చుకోవాలి, గమనించండి. ఆటకూ పరువుకూ మధ్య బంధం కవుల ఊహ కాదు, రాసి పెట్టుకున్న నిబంధన. పందెం మైదానంలో 'మోసం' అన్న మాట ఊరికే నోరు జారితే ప్రాణం మీదికి వచ్చేది. అందుకే పందేల ప్రకటనల్లో షరతులు అంత వివరంగా ఉంటాయి. బరువు ఎంత, ప్రవేశ రుసుము ఎంత, కనీసం ఎన్ని గుర్రాలు దిగాలి, తగువు వస్తే తీర్పు ఎవరిది. తీర్పు పందెం నిర్వాహకులదే అని ముందే అచ్చు వేసేస్తే ఎవరూ ఎవరినీ మోసగాడు అనాల్సిన అవసరం రాదు. 1790లో కిల్డేర్‌లో గుర్రప్పందేల సంఘమైన టర్ఫ్ క్లబ్ ఏర్పడటానికి కూడా ఇలాంటి తగువులు తీర్చే ఒక పెద్ద దిక్కు కావాలన్న అవసరమే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

అదే నియమావళిలో ఇంకొకటి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. గాల్లోకి కాల్చడం ఒప్పుకోరాదు అంటుంది. అవమానం జరగకపోతే పిలిచి ఉండకూడదు, అవమానించినవాడైతే మైదానానికి రాకముందే క్షమాపణ అడిగి ఉండాలి, గాల్లోకి కాల్చడం పిల్లలాట అంటుంది. ఈనాటి మన మనసుకు దయ అనిపించేది వాళ్లకు తొండి. పాత పత్రికలు చదివేటప్పుడు ఈ తేడా మరిచిపోతే ప్రతి వార్తనూ తలకిందులుగా అర్థం చేసుకుంటాం.

ఇప్పుడు 'ఆనర్' ఎవరి సొత్తు అన్న సంగతికి వస్తాను. ఇది లేకుండా ఐర్లండ్ కథ చెప్పడం కుదరదు. 1695 నాటి చట్టం ప్రకారం కాథలిక్కులు ఆయుధాలు ఉంచుకోకూడదు. 5 పౌండ్లకు మించిన విలువగల గుర్రం కూడా ఉంచుకోకూడదు. ఆ గుర్రం నిబంధన 1782లో పోయింది, ఆయుధాల మీద నిషేధం 1793లో ఆస్తి ఉన్నవారి వరకు సడలింది. అంటే దేశంలో అత్యధికులకు దాదాపు వందేళ్ల పాటు మంచి పందెపు గుర్రమూ, పిస్తోలూ రెండూ చట్టరీత్యా అందని వస్తువులు. పరువు నిలబెట్టుకునే సాధనాలే లేకుండా చేసి, వీళ్లకు పరువు లేదు అని అన్నారు. నాకు ఈ వాక్యం రాస్తున్నప్పుడు ఇప్పటికీ కోపం వస్తుంది. 1810ల నాటికి ఒక కాథలిక్ పెద్దమనిషి ప్రొటెస్టంట్ పెద్దమనిషికి ఎదురుగా పిస్తోలు పట్టుకుని నిలబడటమంటే, నేను నీతో సమానం అని ఊరంతా చూస్తుండగా చెప్పడమే. పార్లమెంటులో కూర్చునే హక్కు అతనికి ఇంకా 1829 దాకా రాదు. ఈ సమానత్వం మాత్రం ముందే దక్కింది.

కాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన న్యాయవాది డేనియల్ ఓ'కానెల్ కథ ఇక్కడే మొదలవుతుంది. 1815 జనవరిలో ఒక సభలో ఆయన డబ్లిన్ కార్పొరేషన్‌ను 'బిచ్చపు కార్పొరేషన్' అన్నాడు. ఆ మాట పత్రికల్లోకి వెళ్లింది. కార్పొరేషన్ సభ్యుడు జాన్ డెస్టేర్, ఒకప్పటి నౌకాదళ సైనికాధికారి, గురి తప్పనివాడని పేరున్నవాడు, ఉత్తరం రాశాడు: పత్రికలో వచ్చింది నిజమేనా? చూడండి, అవమానం సభలో జరగలేదు, పత్రికలో జరిగింది. ఓ'కానెల్ ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. డెస్టేర్ గుర్రపు కొరడా పట్టుకుని డబ్లిన్ వీధుల్లో ఆయన కోసం తిరిగాడు. కొరడా ఎందుకంటే, కొరడా దెబ్బ నౌకర్లకు, జంతువులకు. అది ఒక్కసారి ఒంటికి తగిలితే మనిషి పెద్దమనుషుల వరస నుంచి జారిపోయినట్టే.

ఫిబ్రవరి 1న కిల్డేర్ కౌంటీలోని బిషప్స్‌కోర్ట్ దగ్గర మంచు పడిన నేల మీద ఇద్దరూ కలిశారు. ఓ'కానెల్ పక్షాన క్లేర్ కౌంటీకి చెందిన మేజర్ మెక్‌నమారా, డెస్టేర్ పక్షాన సర్ ఎడ్వర్డ్ స్టాన్లీ. డెస్టేర్ గుండు నేలకు తగిలింది. ఓ'కానెల్ గుండు డెస్టేర్ తుంటి దగ్గర దిగింది. రెండు రోజుల తర్వాత అతను చనిపోయాడు. కుటుంబం తరఫున ఎలాంటి కేసూ పెట్టబోమని స్టాన్లీయే ఓ'కానెల్‌కు లేఖ రాశాడు. చచ్చిపోయినవాడి పక్షాన నిలబడిన మనిషి, చంపినవాడికి పోరు న్యాయంగానే జరిగిందని భరోసా ఇవ్వడం మనకు వింతగా ఉంటుంది. క్యాంప్‌బెల్‌కు దక్కనిది సరిగ్గా అదే. ఓ'కానెల్ తన ఆదాయంలో భాగం ఇస్తానంటే డెస్టేర్ భార్య వద్దంది. కూతురికి మాత్రం ఏటా కొంత సొమ్ము తీసుకోవడానికి ఒప్పుకుంది, ఆయన బతికున్నంత కాలం అది అందింది. ఆ తర్వాత ఆయన చర్చికి వెళ్లినప్పుడు ఆ కుడిచేతికి తొడుగు వేసుకునేవాడని చెప్పుకుంటారు. మరి ఎన్నడూ ద్వంద్వ యుద్ధం చేయనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు గట్టిపడటానికి ముందు ఇంకో ఘట్టం జరిగింది. మీరు పత్రికల గురించి అడిగారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. అదే ఏడాది ఆగస్టు చివర ఓ'కానెల్ ఒక ప్రసంగంలో, ఐర్లండ్ చీఫ్ సెక్రటరీ రాబర్ట్ పీల్ పార్లమెంటులో తన వెనక అన్న మాటలు తన ముఖం ముందు అనే ధైర్యం చేయడు అన్నాడు. పీల్ తరఫున సర్ చార్లెస్ సాక్స్టన్ వచ్చి కలిశాడు. ఓ'కానెల్ తరఫున జార్జ్ లిడ్‌వెల్ మాట్లాడాడు. ఎవరు ఎవరిని పిలవాలి అన్న దగ్గర ఆగిపోయింది. పిలిచే బాధ్యత నీదంటే నీదన్నారు. అంతలో సాక్స్టన్ జరిగిన సంభాషణను పత్రికలో అచ్చు వేయించాడు. ఓ'కానెల్ దానికి పత్రికలోనే జవాబిస్తూ, వీళ్లు చివరికి కాగితం యుద్ధానికే మొగ్గు చూపారని ఎత్తిపొడిచాడు. తర్వాత ఆయన భార్య మేరీ భయపడి అధికారులకు కబురు పంపింది, యూరప్‌లో కలుసుకుందామని బయల్దేరిన ఓ'కానెల్‌ను లండన్‌లో అరెస్టు చేశారు. పోరు జరగనే లేదు. జరిగిందల్లా పత్రికల్లోనే, ఉత్తరానికి ఉత్తరం, వివరణకు వివరణ. ఇరుపక్షాలూ తమ మిత్రుల చేత, తమకు అనుకూలమైన పత్రికల్లో, మాటల వరుస తప్పకుండా అచ్చు వేయించుకున్నాయి. పాఠకుడే జ్యూరీ.

ఇక డోనెల్లీ దగ్గరికి. ఓ'కానెల్ నిలబడిన బిషప్స్‌కోర్ట్ కిల్డేర్ కౌంటీలోదే, కర్రా మైదానమూ కిల్డేర్ కౌంటీలోదే. 1814 సెప్టెంబరు 14న హాల్‌తో పోరు, 1815 ఫిబ్రవరి 1న ఓ'కానెల్ పోరు, 1815 డిసెంబరు 13న డోనెల్లీకి జార్జ్ కూపర్‌తో పోరు. పదిహేను నెలల్లో ఒకే కౌంటీలో మూడు. ఈ మూడింటినీ వేర్వేరు చరిత్రల్లో చదవడం మనకు అలవాటు. ఒకటి రాజకీయ చరిత్రలో, రెండు క్రీడా చరిత్రలో. అప్పటి పాఠకుడు మూడింటినీ అవే పత్రికల్లో, అవే నాలుగు పేజీల్లో చదివాడు.

హాల్ పోరులో ఏం జరిగిందో అర్థం కావాలంటే నియమం తెలియాలి. అప్పటికి అమల్లో ఉన్నవి లండన్‌లో జాక్ బ్రౌటన్ 1743లో పెట్టిన నియమాలు. మనిషి కింద పడితే రౌండు అయిపోయినట్టే. అర నిమిషంలో లేచి మళ్లీ మధ్య గీత దగ్గరికి రావాలి. పడ్డవాణ్ణి కొట్టకూడదు, నడుము కింద పట్టుకోకూడదు. ఇప్పుడు ఆలోచించండి, అలసిపోయినవాడు దెబ్బ తగలకుండానే కింద కూలబడితే అర నిమిషం విశ్రాంతి దొరుకుతుంది. హాల్ పదే పదే అదే చేశాడని చెబుతారు. జనం కేకలు వేశారు. డోనెల్లీ సహనం కోల్పోయి, కింద ఉన్న హాల్‌ను కొట్టాడు. హాల్ ఇది తొండి అని బరి నుంచి వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. ఐరిష్ జనం డోనెల్లీ గెలిచాడని ఊరేగించారు. పందేలు కాసినవాళ్ల డబ్బు గాల్లో వేలాడింది.

నా తీర్పు అడిగితే, ఇద్దరూ తప్పు చేశారు. హాల్ చేసింది నియమానికి లోబడిన దొంగతనం, డోనెల్లీ చేసింది నియమాన్ని మీరిన కోపం. నియమం మాటకు కట్టుబడితే హాల్‌దే గెలుపు. నియమం ఉద్దేశానికి కట్టుబడితే పందేలు రద్దు చేసి ఎవరి డబ్బు వాళ్లకు ఇచ్చేయాలి. డోనెల్లీ గెలుపు అనడానికి మాత్రం నాకు దారి కనపడదు. ఐర్లండ్ మీద నాకున్న అభిమానం కూడా ఆ దారి చూపించలేకపోయింది.

కూపర్ పోరుతో ఆ మచ్చ పోయింది. పదకొండు రౌండ్లు, ఇరవై రెండు నిమిషాలు. చివరి దెబ్బకు కూపర్ దవడ విరిగింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. అప్పటికి ఐర్లండ్ పార్లమెంటు రద్దయి పదిహేనేళ్లు, ఆ భవనాన్ని బ్యాంకుకు అమ్మేశారు కూడా. ఓడిపోయి ఓడిపోయి ఉన్న జనానికి ఒక వడ్రంగి, ఇంగ్లండ్ వీరుణ్ణి తొండి లేకుండా పడగొట్టడం ఎంత పెద్ద విషయమో ఊహించండి. ఆ పోరు జరిగిన పల్లపు చోటును నేటికీ డోనెల్లీస్ హాలో అంటారు, అక్కడి నుంచి నడిచి వెళ్లిన అతని అడుగుల గుర్తులను జనం ఇప్పటికీ తొక్కి తొక్కి నిలబెట్టుకుంటున్నారు. 1819 జులైలో ఇంగ్లండ్ గడ్డ మీద టామ్ ఆలివర్‌ను 34 రౌండ్లలో ఓడించాడు. ఏడు నెలలు తిరగకుండా, 1820 ఫిబ్రవరి 18న డబ్లిన్‌లో చనిపోయాడు.

అతనికి పత్రికలు 'ఆనర్' ఇచ్చాయా? ఇక్కడ చూడండి వర్గ భేదం. గెలిచినందుకు మెచ్చుకున్నాయి, ధైర్యాన్ని పొగిడాయి, 'మగతనం' అన్న మాట వాడాయి. పెద్దమనుషులకు వాడే 'ఆనర్' మాత్రం అతని దగ్గరికి వచ్చేసరికి వేషం వేసుకుని వస్తుంది. యువరాజు అతనికి సర్ బిరుదు ఇచ్చాడన్న కథ జనంలో పుట్టింది. చదువుకున్నవాళ్లు దాన్ని పట్టుకుని ఆట పట్టించారు. అతను చనిపోయాక ఎడిన్‌బరో నుంచి వచ్చే బ్లాక్‌వుడ్స్ పత్రిక 1820 మే సంచికలో పేజీలకు పేజీలు వెక్కిరింపు నివాళులు అచ్చు వేసింది, 'సర్ డేనియల్' అంటూ. వీరుడి చావు మీద వీరకావ్యం రాయొచ్చు, వడ్రంగి చావు మీద రాస్తే హాస్యం అనుకున్నారు. శవాన్ని సమాధి నుంచి దొంగిలించారు, ఒక చెయ్యి వైద్యుల చేతిలో పడి తర్వాతి తరాలకు ప్రదర్శన వస్తువైంది. డెస్టేర్ చావుకూ అతని చావుకూ మధ్య ఐదేళ్ల తేడా. ఇద్దరికీ దక్కిన మర్యాదలో తేడా ఎంతో చూడండి.

ఇంకా కింది మెట్టుకు దిగితే ఈ తేడా భరించలేనంతగా ఉంటుంది. సంతల్లో ఊరికీ ఊరికీ, వంశానికీ వంశానికీ మధ్య కర్రల కొట్లాటలు జరిగేవి. 1806 నుంచి కొన్నేళ్ల పాటు టిప్పరెరీ, వాటర్‌ఫర్డ్ ప్రాంతాల్లో కారవాట్లు, షానవెస్టులు అనే వర్గాల పోరు దీని పెద్ద రూపం, దాని వెనక భూమి, కూలి తగాదాలు ఉన్నాయి. కానీ మామూలు సంత కొట్లాటలో ఒక క్రమం ఉండేది. ఒకడు కోటు విప్పి నేల మీద ఈడ్చుకుంటూ, దమ్ముంటే దీని మీద అడుగు వెయ్యండి అని పిలిచేవాడు. పిలుపు, చోటు, రోజు, వెంట నిలిచే మనుషులు అన్నీ ఉండేవి. ద్వంద్వ యుద్ధంలో ఉన్న అంగాలన్నీ ఇందులో ఉన్నాయి. పత్రికలు మాత్రం దీనికి 'అల్లరి', 'దౌర్జన్యం' అన్న రెండే పేర్లు పెట్టాయి. ఎవరు పడ్డవాణ్ణి వదిలేశారో, ఎవరు ఒంటరివాణ్ణి చుట్టుముట్టి కొట్టారో రాసే విలేకరి లేడు. 1814లో శాంతి పరిరక్షణ దళాన్ని పెట్టి గ్రామాల అల్లర్లను అణచడానికి పూనుకున్న మనిషి రాబర్ట్ పీల్. మరుసటి ఏడాదే ఓ'కానెల్‌తో పిస్తోళ్ల పోరుకు సిద్ధపడిన మనిషీ ఆయనే. ఆయనకు ఇందులో వైరుధ్యం కనపడలేదు. పత్రికలకూ కనపడలేదు.

ఒక మనిషిలోనే ఇవన్నీ చూడాలంటే నాలుగో రిచ్‌మండ్ డ్యూక్ చార్ల్స్ లెనాక్స్‌ను చూడండి. యువకుడిగా 1789లో రాజుగారి కొడుకు యార్క్ డ్యూక్‌తో ద్వంద్వ యుద్ధం చేశాడు. గుండు యువరాజు జుట్టు ఉంగరాన్ని రాసుకుంటూ పోయింది. 1792లో డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో క్రికెట్ పోటీ పెట్టించాడు, ఐర్లండ్‌లో నమోదైన తొలి క్రికెట్ అదే. 1807 నుంచి 1813 దాకా ఐర్లండ్‌కు వైస్రాయ్. పందెగాడు, ఆటగాడు, పరువు కోసం ప్రాణం ఒడ్డినవాడు. అలాంటి మనిషి పాలనను 1813లో డబ్లిన్ ఈవెనింగ్ పోస్ట్ విమర్శిస్తే, యజమాని జాన్ మగీని పరువు నష్టం నేరం కింద కోర్టుకు ఈడ్చారు. వాదించింది ఓ'కానెల్. మగీకి రెండేళ్ల జైలు, 500 పౌండ్ల జుర్మానా పడింది. జ్యూరీని ప్రభుత్వమే తనకు కావలసినవాళ్లతో నింపుకుంది. యువరాజుకు ఎదురుగా సమానంగా నిలబడిన మనిషి ప్రభుత్వం, పత్రికాధిపతికి ఎదురుగా సమానమైన బరి ఇవ్వలేదు.

చదివే పద్ధతి గురించి రెండు మాటలు, ఇవి మీకు వెంటనే ఉపయోగపడతాయి. ముందు పత్రిక ఎవరి పక్షమో తెలుసుకోండి. ఈవెనింగ్ పోస్ట్ కాథలిక్కుల పక్షం. డబ్లిన్ జర్నల్, కరెస్పాండెంట్, పేట్రియట్ ప్రభుత్వం పక్షం, ప్రకటనల సొమ్ము బ్రిటిష్ పాలనా కేంద్రమైన డబ్లిన్ కోట నుంచి వచ్చేది. ఓ'కానెల్ పోరు గురించి ఈ రెండు రకాల పత్రికలూ 'ఫెయిర్' అని ఒప్పుకున్నాయంటే దాన్ని గట్టి సాక్ష్యంగా తీసుకోండి. రెండోది, అందరూ చేసే పొరపాటు: పది పత్రికల్లో ఒకే వార్త కనిపిస్తే పది మంది సాక్షులు అనుకోవడం. అప్పట్లో జిల్లా పత్రికలు డబ్లిన్ పత్రికల నుంచి, డబ్లిన్ పత్రికలు లండన్ పత్రికల నుంచి అక్షరం మార్చకుండా ఎత్తి వేసుకునేవి. వాక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ముష్టియుద్ధాల విషయంలో ఇది మరీ ఎక్కువ. వెతికేటప్పుడు ద్వంద్వ యుద్ధం అన్న మాటతో వెతికితే సగం దొరకవు. వాళ్లు 'మీటింగ్' అని, 'వ్యవహారం' అని రాసేవారు.

డోనెల్లీ పోరు నుంచి ఐర్లండ్ నేర్చుకున్నది ఏమైనా ఉందా అంటే, 1824 చూడండి. జనవరి 7న వుస్టర్‌లో ఐరిష్ యోధుడు జాన్ లాంగన్, ఇంగ్లండ్ విజేత టామ్ స్ప్రింగ్‌తో దాదాపు రెండున్నర గంటలు పోరాడి ఓడిపోయాడు. జనం బరిలోకి తోసుకొచ్చారు, కూర్చునే మంచెలు కూలాయి. లాంగన్ నాకు న్యాయమైన బరి దొరకలేదు అన్నాడు, మళ్లీ పోరు కావాలన్నాడు. జూన్ 8న చిచెస్టర్ దగ్గర జరిగిన రెండో పోరును నేల మీద కాకుండా, జనం చొరబడలేని ఎత్తైన చెక్క వేదిక మీద పెట్టారు. మళ్లీ ఓడిపోయాడు, ఈసారి ఫిర్యాదు లేదు. ఇద్దరూ స్నేహితులయ్యారు. పరువు కోసం తుపాకి తీయకుండా, న్యాయమైన బరి కోసం మాట్లాడి సాధించుకోవడం ఒక కూలివాడి చేతిలో జరిగింది. ఈ కాలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది.

మీ దగ్గరున్న రెండు కథనాల్లో ఒక్క వివరం వెతకండి. డోనెల్లీ దెబ్బ తగిలినప్పుడు హాల్ నేల మీద కూర్చుని ఉన్నాడా, లేవబోతున్నాడా, లేక ఇంకా పడుతూ ఉన్నాడా? మూడింటికీ మూడు తీర్పులు. ఆ వాక్యం మీకు కనిపిస్తే, ఏ పత్రికలో, ఏ తేదీన ఉందో దయచేసి ఇక్కడ రాయండి. పైన నేను చెప్పిన తీర్పును మార్చుకోవలసి వస్తే మార్చుకుంటాను.